ఘాట్ దిగేటప్పుడు ఆటోమేటిక్ కారు పై గేరుకు ఎందుకు పోతుంది?

ప్రశ్న: మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురం. బట్టల వ్యాపారం. కిందటేడాది 2012 మోడల్ డీజిల్ ఆటోమేటిక్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నాలుగు గేర్ల బండి, లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. ఊళ్లో ఏ ఇబ్బందీ లేదు. విజయనగరంలో మా అత్తవారింటికి వెళ్లేటప్పుడే తంటా. సుంకి ఘాట్ దిగుతూ ఆక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే గేరు తగ్గాల్సింది పోయి పై గేరుకు వెళ్తుంది. బండి పరుగు అందుకుంటుంది. సాలూరు చేరేసరికి బ్రేకుల దగ్గర కమురు వాసన. తిరుగు ప్రయాణంలో ఎక్కేటప్పుడు మాటిమాటికీ గేరు మారుతూ ఇంజిన్ గోల పెడుతుంది. చెక్‌పోస్టు దగ్గర ఆగబోయే ముందు చిన్న కుదుపు కూడా ఉంది. ఇక్కడి మెకానిక్ గేర్‌బాక్స్ పోయిందని, విప్పి బాగు చేయడానికి అరవై వేలు అవుతుందని అంటున్నాడు. దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తే డీజిలూ మిగులుతుంది, గేర్‌బాక్సుకూ శ్రమ ఉండదని మా బావమరిది సలహా. నడుస్తున్న బండిలో లీవరును 2లోకి లాగితే ఏమైనా విరుగుతుందా?

– ఒక పాఠకుడు, జయపురం

సమాధానం: ముందు మీ బావమరిది మాట తేల్చుకుందాం, ఎందుకంటే మిగతావి ఆలస్యమైనా ఫరవాలేదు, ఇది ఆగదు. ఘాట్‌లో న్యూట్రల్ వద్దు. డీజిల్ మిగులుతుందన్న లెక్క కూడా తప్పే. మీ బండిలాంటి కామన్ రైల్ డీజిల్‌లో బండి గేరులో ఉండి, ఆక్సిలరేటర్ మీద కాలు లేకుండా వాలు దిగుతుంటే, కంప్యూటర్ ఇంజెక్టర్లకు డీజిల్ పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి. న్యూట్రల్‌లో వేసిన మరుక్షణం ఆ లంకె తెగిపోతుంది. ఇంజిన్ ఆగిపోకుండా ఉండాలంటే ఐడ్లింగ్‌కు డీజిల్ పోయాల్సిందే. కాబట్టి న్యూట్రల్‌లో దిగినవాడు ఆదా చేయకపోగా అదనంగా కాలుస్తాడు. ఇంజిన్ ఇచ్చే ఆ కొద్దిపాటి అడ్డు కూడా పోయి, బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి తాళం తిప్పి ఇంజిన్ కూడా ఆపేస్తారు. అప్పుడు పెడల్ తేలిగ్గా నొక్కేలా చేసే బ్రేకు బూస్టర్‌కు వాక్యూమ్ అందదు, స్టీరింగు బిగుసుకుపోతుంది, గేర్‌బాక్సులో ఆయిల్ తిప్పే పంపు ఆగిపోతుంది. గేర్‌బాక్సుకు విశ్రాంతి ఇవ్వాలనుకుని దాన్ని ఎండగట్టినట్టు అవుతుంది.

ఇక మీ అసలు ఫిర్యాదు. దిగేటప్పుడు కాలు తీస్తే పై గేరుకు వెళ్లడం మీ బండిలో లోపం కాదు. ఆ తరం గేర్‌బాక్స్ చేసేదే అది. దానికి ప్రధానంగా తెలిసేవి రెండే విషయాలు: బండి ఎంత వేగంలో ఉంది, మీరు ఆక్సిలరేటర్ ఎంత నొక్కారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, కంప్యూటర్‌లో ముందే గీసి ఉంచిన గీతలతో పోల్చుకుని గేరు నిర్ణయిస్తుంది. వేగం ఉండి, కాలు తీసేశారంటే దాని దృష్టిలో అర్థం ఒక్కటే: మీకిక శక్తి అవసరం లేదు, చదును రోడ్డు మీద హాయిగా వెళ్తున్నారు. కాబట్టి టాప్ గేరు. ముందు లోయ ఉందని, పక్కన ఇనుప ఖనిజం లారీ ఉందని దానికి చెప్పేవాళ్లు ఎవరూ లేరు. తర్వాతి కాలంలో వచ్చిన కొన్ని బళ్లలో బ్రేకు నొక్కుతున్నా వేగం తగ్గకపోవడాన్ని గమనించి తానే గేరు దించే ఏర్పాటు పెట్టారు. మీ నాలుగు గేర్ల బండి నుంచి అది ఆశించకండి. ఈసారి దిగేటప్పుడు ఆర్‌పీఎం ముల్లును, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లును, చూడండి. కాలు తీసిన రెండు మూడు సెకన్లలో ముల్లు ఒక్కసారిగా కిందికి జారుతుంది. ఇంజిన్ చప్పుడు మెత్తబడుతుంది. కారు మాత్రం మరింత తేలిగ్గా జారుతున్నట్టు అనిపిస్తుంది. అదే పై గేరు పడిన ఘడియ.

డీజిల్ కావడం వల్ల ఇది ఇంకొంచెం ఎక్కువగా తెలుస్తుంది. పెట్రోల్ ఇంజిన్‌లో కాలు తీయగానే గాలి దారిలో ఒక పలక మూసుకుంటుంది. పిస్టన్లు ఆ మూసిన దారిలోంచి గాలిని పీల్చలేక పీలుస్తూ బండిని వెనక్కి లాగుతాయి. డీజిల్‌లో సాధారణంగా అలాంటి పలక పని చేయదు, గాలి ధారాళంగా వచ్చిపోతుంది. సిలిండర్లో గాలిని నొక్కడానికి ఖర్చయిన శక్తిలో చాలా భాగం అది వ్యాకోచించేటప్పుడు తిరిగి వచ్చేస్తుంది. అందుకే అదే ఆర్‌పీఎం దగ్గర డీజిల్ ఇంజిన్ సహజంగా ఇచ్చే అడ్డు తక్కువ. బస్సులకు, లారీలకు ఎగ్జాస్ట్ బ్రేకు అని విడిగా అమర్చేది ఈ లోటు పూడ్చడానికే. ఘాట్ మలుపుల్లో పైనుంచి దిగే లారీల నుంచి బుస్సుమని వినిపించే చప్పుడు అదే. మీ కారుకు ఆ సదుపాయం లేదు కాబట్టి ఇంజిన్‌ను ఎక్కువ చుట్లు తిరిగేలా చేయడం ఒక్కటే దారి. అంటే గేరు తగ్గించాలి. ఆ పని లీవరుతో మీరే చేయాలి.

ఎంత పని బ్రేకుల మీద పడుతోందో ఒక లెక్క చెబుతాను. కోరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. సాలూరు నూరు మీటర్ల చిల్లర. నికరంగా ముప్పావు కిలోమీటరు కిందికి దిగుతున్నారు. సామానుతో, మనుషులతో కలిపి పదిహేను వందల కిలోల కారు అంత ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు మూడు యూనిట్ల విద్యుత్తుకు సమానం. అందులో గాలి, టైర్లు తీసుకున్నది పోగా మిగిలిందంతా వేడిగా ఎక్కడో ఒకచోటికి పోవాలి. టాప్ గేరులో దిగితే అది పోయేది నాలుగు చక్రాల దగ్గరికే. మీకు వచ్చిన కమురు వాసన దానిదే.

కాబట్టి లీవరు 2లోకి లాగితే ఏమీ విరగదు. 2 అంటే రెండో గేరు దాటి పైకి పోనివ్వని స్థానం, అది అక్కడ పెట్టిందే అందుకు. ఒక్క షరతు, వేగం. పొట్టంగి దాటాక వాలు మొదలయ్యే చోటే, ఇంకా బండి మీ చేతిలో ఉండగానే, బ్రేకుతో 50 కిలోమీటర్ల లోపుకు దించి అప్పుడు లాగండి. అక్కడక్కడా చదును వచ్చినప్పుడు మళ్లీ డి లోకి, అంటే మామూలుగా నడిపే స్థానంలోకి, నెట్టుకోవచ్చు. మీ తరహా గేర్‌బాక్సుల్లో 2లో ఆ వేగానికి ఇంజిన్ సుమారు రెండు వేల చుట్లు, కాస్త అటూఇటూ తిరుగుతుంది. ఊళ్లో అలవాటు లేని చెవికి అది గట్టిగానే వినిపిస్తుంది, కంగారు పడకండి. మూడు వేలు, మూడున్నర వేలు తిరిగినా డీజిల్ పోకుండా తిరుగుతున్న ఇంజిన్‌కు ఇబ్బంది లేదు. ఎర్ర గీత దాటకూడదు, అంతే. చాలా బళ్లలో వేగం మరీ ఎక్కువగా ఉండి మీరు 2 అడిగితే కంప్యూటర్ వెంటనే ఒప్పుకోదు, వేగం తగ్గేదాకా ఆగుతుంది. పాత బళ్లన్నిటిలో ఆ కాపలా ఉంటుందని నమ్మకూడదు. అందుకే ముందు బ్రేకు, తర్వాత లీవరు.

లీవరు పక్కన ఓవర్‌డ్రైవ్ బటన్ ఉంటే, తక్కువ వాలు ఉన్నచోట అది ఆపేస్తే చాలు, నాలుగో గేరు రాకుండా మూడులో ఉంటుంది. మరీ నిటారుగా ఉన్న మలుపుల్లో మాత్రం 2.

లీవరు మీద ఎల్ అని ఉండే మొదటి గేరు స్థానం సంగతి వేరు. ఆ తరం గేర్‌బాక్సులు చాలావాటిలో డి లో మొదటి గేరు వన్‌వే క్లచ్ మీద ఆధారపడి పని చేస్తుంది. సైకిల్ ఫ్రీవీల్ లాగే, తొక్కితే చక్రాన్ని తిప్పుతుంది, తొక్కడం ఆపితే చక్రం తన దారిన తాను తిరుగుతుంది. అంటే డి లో మొదటి గేరులో ఉన్నా ఇంజిన్ బండిని వెనక్కి లాగలేదు. లీవరు ఎల్‌లో పెట్టినప్పుడు లోపల మరో బ్రేకు పట్టుకుని ఆ ఫ్రీవీల్ పనిని రద్దు చేస్తుంది, అప్పుడే ఇంజిన్ అడ్డు దొరుకుతుంది. లోపలి ఊళ్లకు దిగే మట్టి రోడ్ల మీద, నడక వేగంలో, ఎల్ చాలా పనికొస్తుంది. వర్షాకాలంలో, పొగమంచు కమ్మి రోడ్డు తడిసినప్పుడు వేగంలో ఉండి ఒక్కసారిగా ఎల్‌లోకి లాగితే మాత్రం ముందు చక్రాలు జారవచ్చు.

బ్రేకును అదేపనిగా సన్నగా నొక్కి ఉంచవద్దు. వేగం పెరిగినప్పుడు గట్టిగా ఒకసారి నొక్కి, తగ్గించి, పూర్తిగా వదిలేయండి. మధ్యలో గాలి తగిలి డిస్కు చల్లబడుతుంది. వాసన వచ్చిందంటే వెడల్పు చోటు చూసి ఆపి కాసేపు వదిలేయండి, నీళ్లు మాత్రం పోయకండి. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో పాత యజమానిని అడగండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టినదానికి ఆ హద్దు 155కే పడిపోతుంది. ఘాట్‌లో అది మరిగితే పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి మార్చడం మీ దారికి తప్పనిసరి. నేనైతే గేర్‌బాక్స్ కన్నా ముందు దీని మీద డబ్బు పెడతాను.

ఎక్కేటప్పటి గోల మరో కథ. ఇందులో సగం పాత్ర ఇంజిన్‌లోకి అదనంగా గాలిని తోసే టర్బోది, సగం మీ పాదానిది. నాలుగు గేర్ల బండిలో గేరుకూ గేరుకూ మధ్య ఎడం ఎక్కువ. స్థూలంగా మూడో గేరు నిష్పత్తి ఒకటి అయితే రెండోది ఒకటిన్నర. మూడులో రెండు వేల చుట్లు తిరుగుతున్న ఇంజిన్, గేరు దిగగానే మూడు వేలకు ఎగబాకుతుంది. అదే మీరు చెప్పిన గోల. డీజిల్‌కు మంచి లాగుడు ఉండేది ఇంచుమించు పద్దెనిమిది వందల నుంచి మూడు వేల చుట్ల మధ్య. ఆ కిందికి జారితే టర్బో నిద్రపోతుంది. కోరాపుట్ ఎత్తులో గాలి పీడనం సముద్ర తీరంతో పోలిస్తే దాదాపు పది శాతం తక్కువ కాబట్టి టర్బో లేచేలోగా ఇంజిన్ మరింత నీరసంగా ఉంటుంది.

ఏం జరుగుతోందంటే: మలుపులో వేగం తగ్గుతుంది. బయటికి వస్తూ మీరు ఆక్సిలరేటర్ నొక్కుతారు. బండి వెంటనే లాగదు. మీరు ఇంకాస్త నొక్కుతారు. సరిగ్గా టర్బో లేచే సమయానికే మీ పాదం గేరు దించే గీత దాటుతుంది. రెండూ ఒకేసారి వచ్చి బండి ఎగిరి దూకినట్టు అవుతుంది. చప్పుడుకు బెదిరి మీరు కాలు తీస్తారు. కాలు తీయగానే అది పై గేరు వేస్తుంది. ఈలోగా తర్వాతి మలుపు వచ్చేస్తుంది, మళ్లీ మొదలు. గేర్‌బాక్స్ తికమక పడుతున్నట్టు మీకు కనిపిస్తుంది, నిజానికి అది మీరు అడిగినదల్లా ఇస్తోంది. మలుపుల వరుస మొదలయ్యే చోటే లీవరు 2లో పెట్టి, పాదం ఒకేచోట నిలకడగా ఉంచి చూడండి. గోల ఒకే స్థాయిలో సాగుతుంది, కానీ దూకుళ్లు పోతాయి. గేర్‌బాక్స్ ఆయిల్ వేడి కూడా తగ్గుతుంది. గేరు మారిన ప్రతిసారీ లోపలి క్లచ్ పలకలు కాసేపు రాసుకుంటాయి, ఆ వేడంతా ఆయిల్‌లోకే కదా పోయేది. పాత లారీ డ్రైవర్ల సూత్రం ఒకటుంది: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. మీ ఘాట్‌కు, మీ బండికి అది అచ్చంగా సరిపోతుంది.

ఇంత చేసినా మునుపటి కన్నా ఎక్కువగా గేరు దిగుతోందంటే ఇంజిన్‌ను అనుమానించండి. ఇంజిన్ శక్తి తగ్గితే మీరు తెలియకుండానే ఎక్కువ నొక్కుతారు. ఎక్కువ నొక్కితే గేరు ఎక్కువసార్లు దిగుతుంది. మీ ప్రాంతపు ఎర్ర దుమ్ము సామాన్యమైనది కాదు. దమన్‌జోడి వైపు బాక్సైట్ రోడ్ల మీద తిరిగిన బండి ఎయిర్ ఫిల్టర్ తీసి నేల మీద తడితే ఇటుక పొడి రాలుతుంది. ఫిల్టర్, టర్బో నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు గొట్టం బిగింపులు, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ కవాటంలో మసి – ఇవి చూడటానికి అరవై వేలు అక్కర్లేదు. గొట్టం చిట్లితే పైపు చుట్టూ నల్లటి ఆయిల్ జిడ్డు, నొక్కినప్పుడు ఈల చప్పుడు ఉంటాయి.

ఇంకా పాత కార్లలో ఈ ఇంజిన్ కబురు గేర్‌బాక్సుకు చేరే పద్ధతే వేరుగా ఉండేది. పెట్రోల్ కార్లలో గాలి పలక వెనుక ఏర్పడే వాక్యూమ్‌ను బట్టి ఇంజిన్ ఎంత బరువు లాగుతోందో తెలిసేది. డీజిల్‌లో ఆ వాక్యూమ్ పుట్టదు. 1980ల నాటి మెర్సిడెస్ డీజిల్ కార్లలో విడిగా వాక్యూమ్ పంపు పెట్టి, ఇంజెక్షన్ పంపు మీద ఒక కవాటం అమర్చి ఆ కబురును తయారు చేసి పంపేవారు. సన్నటి గొట్టం ఒకటి చిట్లితే చాలు, గేరు ధన్‌మని పడేది. గేర్‌బాక్స్ విప్పిన తర్వాత గొట్టం సంగతి తెలిసినవాళ్లు చాలామందే ఉంటారు. మీ బండిలో గొట్టాల బదులు వైర్లు, సెన్సర్లు ఉన్నాయి. తనిఖీ వరుస మాత్రం మారలేదు: కబురు తెచ్చేవాటిని ముందు చూడాలి.

ఆగబోయే ముందు కుదుపు మూడు నాలుగు కిలోమీటర్ల వేగంలో, చిన్నగా, ఏసీ వేసినప్పుడు ఇంకాస్త ఎక్కువగా ఉంటే అది రెండు నుంచి ఒకటికి దిగడమే. ఐడ్లింగ్ ఎక్కువగా ఉన్నా, ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు నలిగినా అది పెద్దగా తెలుస్తుంది. బానెట్ తెరిచి, బ్రేకు గట్టిగా నొక్కి, డి నుంచి ఆర్ (రివర్స్) కు మార్చమనండి. ఇంజిన్ బెత్తెడు ఎగిరితే మౌంటింగ్‌లు మార్చాలి.

ఇక మెకానిక్ మాట. ఆయన స్కానర్ పెట్టి తప్పు కోడ్‌లు చదివారా? గేర్‌బాక్స్ ఆయిల్ రంగు చూశారా? ఈ రెండూ చేయకుండా పోయిందన్నారంటే విప్పడానికి ఒప్పుకోకండి. గేర్‌బాక్సుకు ఆయిల్ కొలిచే కర్ర (డిప్‌స్టిక్) ఉంటే ఆయిల్ మీరే చూడవచ్చు. బండి ఇరవై నిమిషాలు నడిపి, చదునైన చోట, ఇంజిన్ తిరుగుతుండగా, మీ పుస్తకంలో చెప్పిన లీవరు స్థానంలో పెట్టి కర్ర తీసి తెల్ల గుడ్డ మీద రాయండి. ఎరుపు కాస్త మాసినా ఫరవాలేదు. కాఫీ డికాక్షన్ రంగుకు తిరిగి, మాడిన వాసన వేస్తే ఆలస్యం చేయవద్దు. ఈ ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదని అమ్మేటప్పుడు చెబుతారు. ఎవరి జీవితమో మాత్రం చెప్పరు. ఘాట్‌లలో తిరిగే బండికి అరవై వేల కిలోమీటర్లకోసారి మార్చడం న్యాయం. పుస్తకంలో రాసిన రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) మాత్రమే పోయాలి, అన్నిటికీ సరిపోతుందని చెప్పే డబ్బా వద్దు. కింది బోల్టు విప్పితే ఆయిల్ అంతా రాదు, ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఆయిల్‌తో శక్తిని అందించే టార్క్ కన్వర్టర్‌లో చాలావరకు ఉండిపోతుంది. అందుకని ఒకసారి మార్చి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి, మళ్లీ మార్చడం మేలు. లక్ష దాటిన, చరిత్ర తెలియని గేర్‌బాక్సును యంత్రంతో ఒత్తిడి పెట్టి కడిగించడం నాకు ఇష్టం లేదు. ట్రేలోని అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంటే అది సహజమైన అరుగుదల. గోరుకు తగిలే ఇనుప ముక్కలు కనిపిస్తే మీ మెకానిక్ మాట నిజం కావచ్చు.

మరో పరీక్ష మీరే చేసుకోవచ్చు. సాలూరు దాటాక రామభద్రపురం వైపు చదును రోడ్డు ఉంది. ట్రాఫిక్ లేనప్పుడు 60లో నిలకడగా వెళ్తూ ఆక్సిలరేటర్ మెల్లగా నొక్కుతూ పోండి. గేరు దిగి, ముల్లు లేచి, బండి కూడా దానితోపాటు లాగితే ఆరోగ్యమే. ముల్లు లేస్తూ ఉండి బండి లాగకపోతే, లేదా గేరుకూ గేరుకూ మధ్య ఇంజిన్ ఒట్టిగా రేసు అయితే లోపలి క్లచ్‌లు జారుతున్నాయి. అప్పుడు విశాఖపట్నంలో ఆటోమేటిక్ గేర్‌బాక్సుల పని తెలిసినవారికి చూపించండి. అక్కడ ఎవరైనా బ్రేకు నొక్కి, డి లో పెట్టి, పూర్తిగా రేసు ఇచ్చే పరీక్ష చేస్తామంటే ఐదు సెకన్లకు మించనివ్వకండి. ఆ కొద్దిసేపట్లోనే కన్వర్టర్‌లో ఆయిల్ విపరీతంగా వేడెక్కుతుంది.

డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలిగి, బండి ఏం చేసినా ఒకే గేరులో, సాధారణంగా మూడులో, బిగుసుకుపోతే అది తనను తాను కాపాడుకునే స్థితి. అలా ఇంటికి చేరవచ్చు గానీ, ఘాట్ ఎక్కడానికి, దిగడానికి రెండింటికీ పనికిరాదు. సాలూరులో ఉండగా అలా అయితే బండి అక్కడే వదిలి, జయపురం బస్సు ఎక్కండి.